వదులుకున్న వాటా

"అత్తయ్యా, నా గదిలో కరెంటు ఎందుకు తీశాడో మీ అబ్బాయిని అడగండి."

కోడలు ఈ మాట అంటున్నప్పుడు ఆ అబ్బాయి అక్కడే, అత్తగారి కుర్చీకి అటు పక్కన, అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. నలభై దాటిన అబ్బాయి. మాట చెవిన పడింది, అయినా దువ్వెన ఆగలేదు. ఆ మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఆగిపోయి నెలలు గడిచాయి. ఎవరేం చెప్పాలన్నా అత్తగారి ద్వారానే. ఆవిడ నోటి మీదుగా వచ్చేదాకా, వినపడినా విననట్టే లెక్క.

సమాధానం కోసం నిలబడటం కోడలికి నామోషీ. ప్రశ్న అక్కడ పడేసి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పోయింది కరెంటు ఒక్కటే అయితే ఆవిడకి ఇంత కోపం వచ్చేది కాదు. ఆవిడ పళ్ళ సెట్లు తయారుచేస్తుంది. ఊళ్ళో డెంటిస్టులంతా నోటి అచ్చులు తీసి ఈ ఇంటికే పంపుతారు. వీధిలో పళ్ళావిడ అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు. కొత్తగా దిగినవాళ్ళు అరటిపళ్ళున్నాయా అని తలుపు కొట్టిన రోజులూ ఉన్నాయి. వీధివైపు గది ఆవిడ పనిగది. బల్ల నిండా ప్లాస్టర్ దవడలు, పింక్ మైనం, గోడవారన సానరాయి మిషను, మూలన వేడినీళ్ళ తొట్టి. ఆ పొద్దున కొత్త సెట్టు ఒకటి ఫ్లాస్కు అనే ఇత్తడి అచ్చుపెట్టెలో బిగించి తొట్టిలో పెట్టింది. నీళ్ళు ఒకే వేడి మీద ఉండాలి. వంట ముగించుకుని వచ్చి చూసేసరికి తొట్టి చల్లబడిపోయింది. విప్పితే చిగుళ్ళ నిండా బుడగలు. ఇక అది ఎవరి నోట్లోనూ పెట్టడానికి పనికిరాదు. నెలరోజులుగా మెత్తటివి మింగి బతుకుతున్న ఒక పెద్దాయన మధ్యాహ్నం డెంటిస్టు దగ్గర ఆ పళ్ళ కోసం కూర్చోబోతున్నాడు. ఇంట్లో మిగతా అన్ని గదుల్లోనూ కరెంటు నిక్షేపంగా ఉంది.

అత్తగారు తాపీగా కొడుకు వైపు తిరిగింది.

"ఏరా, గదిలో కరెంటు తీశావా?"

మాస్టారు దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు కాబట్టి ఊరందరికీ మాస్టారు. నవ్వు దాచుకోకుండానే చెప్పాడు, ఇవాళ్టితో ఆ గది తనదవుతోంది కదా, చీకట్లో సామాను సర్దుకోవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమని.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచింది. కోడలి గది తలుపు తోసి లోపలికి తొంగి చూసింది.

"ఫ్యూజు దానంతటదే పోయిందటమ్మా. సంతకం పెట్టేసి పోయేవాడితో ఇవాళ నీకు తగువెందుకు? వచ్చాక నువ్వే మనిషిని పిలిచి వేయించుకో."

కోడలు పాడైన సెట్టుని చెత్తబుట్టలో పడేసి, డెంటిస్టుకి ఫోను చేసి క్షమాపణ చెప్పుకుని, బట్టలు మార్చుకోవడానికి వెళ్ళింది. పోయేవాడితో తగువెందుకన్న మాట ఆవిడకి నచ్చింది.

ఇదీ ఆ ఇంటి టెలిఫోను. అత్తగారు నిజంగానే టెలిఫోన్ ఎక్సేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. చేత్తో వైరు పీకి చేత్తో గుచ్చి లైన్లు కలిపే కాలంలో చేరింది. వీధిలో ఇప్పటికీ ఎక్సేంజమ్మ అనే అంటారు. అన్ని తలుపులూ కనిపించేలా హాలు నడిమధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఇటు మాట అందుకుని అటు అందించేటప్పుడు ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ అతుకు పెట్టాలో ఆవిడకి తెలుసు. తెలియనిది మిగతా ఇద్దరికే.

మాస్టారికి ఆ వీధివైపు గది కావాలి, స్కూలు ఆఫీసుకి. కోడలికి చెప్పకుండా భాగస్వామికి మాట కూడా ఇచ్చేశాడు. రంగులు ఆరని బోర్డు ఇంటికొచ్చిన రోజున కోడలు దాన్ని తీసుకెళ్ళి వీధిలో పెట్టింది. నా ఇంట్లో నా బోర్డు పెట్టుకోవడానికి నీ అనుమతి కావాలా అని, కారు నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళందరి ముందూ ఆయన అరిచాడు. మూడో వంతు ఇంట్లో మూడో వంతు బోర్డు పెట్టుకోండి అని ఆవిడ అంది. వాళ్ళు నవ్వారు. నవ్వకుండా ఉంటే పోనీ ఎక్కడో ఒకచోట ఆగేది. ఆ తర్వాత వాళ్ళ మధ్య మాటల్లేవు.

మూడో వంతు అన్నది నిజమే. కొన్నప్పుడు అత్తగారి రిటైర్మెంటు సొమ్ము, కొడుకు సంపాదన, కోడలి సంపాదన కలిసి పడ్డాయి కాబట్టి ఇల్లు ముగ్గురి పేరనా సమంగా ఉంది. విడిపోదామనుకున్నాక అదే ఉరితాడైంది. అడ్డంగా కోస్తే ఒకరికి మెట్లుండవు, నిలువునా కోస్తే ఒకరికి వంటగది ఉండదు. ఎవరో ఒకరు తమ వాటా వదులుకుని ఇంకొకరి పేర రాసివ్వాలి. ఎవరు? ఈ ప్రశ్న పట్టుకుని అత్తగారు రెండు తలుపుల మధ్యా తిరిగింది. తిరిగి తిరిగి, చివరికి ఒకనాడు కోడలి దగ్గర కూర్చుని, వాడు ఒప్పుకున్నాడమ్మా, వాటా నీ పేర వదిలేస్తాడు అని చెప్పింది. అదే రోజు కొడుకు దగ్గర కూర్చుని, అది ఒప్పుకుందిరా, మిషన్లు పట్టుకుని అన్న దగ్గరికి పోతుందట అని చెప్పింది.

ఇద్దరూ నమ్మారు. గెలిచాననుకున్న మనిషి రెండో ప్రశ్న అడగడు.

* * *

డ్రైవింగ్ స్కూలు కారులోనే బయల్దేరారు. నెత్తి మీద బోర్డు, వెనకద్దం మీద 'నేర్చుకుంటున్నాం, ఓపిక పట్టండి' అన్న అక్షరాలు. ఆ కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు కంగారు పడితే మాస్టారు తొక్కడానికి. ఇవాళ స్టీరింగు మాస్టారే పట్టుకున్నాడు. రెండో బ్రేకు అత్తగారి పాదాల దగ్గరికి వచ్చింది.

కోడలు వెనక సీట్లో, ఆయన అద్దంలోకి కనపడని మూలకి జరిగి కూర్చుంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. ఆయన బూట్లు తుడుచుకున్నాడు. పనయ్యేదాకా ఎవరూ నోరు విప్పొద్దని ఎక్కేముందే అత్తగారు ఇద్దరికీ గట్టిగా చెప్పి పెట్టింది. చెడిపోయే పనులన్నీ మాటలతోనే చెడతాయని ఆవిడ సిద్ధాంతం.

కానీ గెలిచే మనిషికి నాలుక దురద. పెద్ద రోడ్డెక్కగానే మాస్టారు అద్దం సర్దుకుంటూ, సామాను తియ్యడం ఎప్పటికో కనుక్కో అమ్మా అన్నాడు.

కోడలికి ఆ మాట చెవులకి చల్లగా తగిలింది. ఆయన తన సామాను ఎప్పుడు తియ్యాలని అడుగుతున్నాడనుకుంది పాపం. అత్తగారు నోరు తెరవకముందే, తొందరేమీ లేదని చెప్పండత్తయ్యా, నెలాఖరుదాకా ఉంచుకోవచ్చు అని ఔదార్యం చూపించింది.

"ఎవరు ఉంచుకోవచ్చు?" అంటూ మాస్టారు సగం వెనక్కి తిరిగాడు.

అత్తగారు బ్రేకు తొక్కింది.

కారు రోడ్డు మధ్యలో కట్టేసినట్టు ఆగింది. వెనక సైకిలువాడు తప్పుకుని, కిటికీ దగ్గరికొచ్చి, నేర్పే మాస్టారికే ఎవరైనా నేర్పితే బాగుంటుందని చెప్పి మరీ వెళ్ళాడు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. కాలు జారిందిరా అంది అత్తగారు. ఆవిడ కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. ఆఫీసు వచ్చేదాకా అక్కణ్ణుంచి తియ్యలేదు. ఎవరు ఉంచుకోవచ్చు అన్న ప్రశ్న రోడ్డు మీదే ఉండిపోయింది.

* * *

రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల కింద డాక్యుమెంట్ రైటరు గది. ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు ఊపిరి బయటికెళ్ళి పీల్చుకోవాలి. రైటరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, వచ్చిన ముగ్గుర్నీ చూసి, ఎవరి ముఖంలోనూ ఏడుపు లేదని సంతోషించాడు. వాటాలు వదులుకునేవాళ్ళు సామాన్యంగా నవ్వుతూ రారు.

"రెండూ తయారుగా ఉన్నాయమ్మగారూ. బాబుగారి వాటా మీ పేర ఒకటి, కోడలుగారి వాటా మీ పేర ఒకటి. మీరు చెప్పినట్టే విడివిడిగా పెట్టాను."

గుమ్మంలో నిలబడ్డ సాక్షులిద్దరూ కిళ్ళీ నమలడం ఆపారు. రోజూ సంతకానికింతని అక్కడే పడుండే మనుషులు వాళ్ళు, ఏ పార్టీ ఎప్పుడు పేలుతుందో వాసన పట్టగలరు.

"ఏంటిదమ్మా?" అన్నాడు కొడుకు.

"ఏంటిదత్తయ్యా?" అంది కోడలు.

రెండూ ఒకేసారి వచ్చాయి. పెళ్ళైన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే కావచ్చు. ఆ క్షణంలోనైనా ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నీతో ఏమంది, నాతో ఇలా అంది అనుకుని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. చూసుకోలేదు. ఇద్దరూ ఆవిడ వైపే చూశారు.

ఆవిడ రాసిస్తోందని చెప్పావు కదా అని కొడుకు నిలదీశాడు. ఆయన రాసిస్తున్నాడని నాకు చెప్పారు కదా అని కోడలు నిలదీసింది. అవును, అలాగే చెప్పానంది అత్తగారు. చెప్పకపోతే మీరిద్దరూ ఒక కారులో ఇక్కడిదాకా వచ్చేవాళ్ళా అని తిరిగి అడిగింది. ఆ గొంతులో తడబాటు లేదు, సిగ్గూ లేదు. ఒక్క క్షణం ఆగి, కూర్చున్న చోటి నుంచే, పెద్దగా గొంతు పెంచకుండా చెప్పింది:

"నువ్వు దానికివ్వవు. అది నీకివ్వదు. మీ మాటలు మోసీ మోసీ నా నోరు అరిగిపోయింది. కోర్టుకెళ్తే ఇల్లు అమ్మేసి తలా ఒక వాటా చేతిలో పెడతారు. నువ్వో చోట గది తీసుకుంటావు, అదో చోట గది తీసుకుంటుంది. ఆ రెండు గదుల్లో దేంట్లో నా మంచం వేస్తారన్న మాట ఇన్నాళ్ళలో మీ ఇద్దరిలో ఒక్కరి నోట రాలేదు. అదొక్కటే మీరు నాచేత మోయించని మాట."

అది నిజం. కోడలికి ఒక్క నిమిషం సిగ్గేసింది. మరుక్షణమే, సిగ్గుపడేలా చేసి పని జరిపించుకోవడం కూడా ఈవిడకి చేతనైన విద్యేనని గుర్తొచ్చి సిగ్గు కాస్తా కోపమైంది.

రైటరు గొంతు సవరించుకున్నాడు. ఇలాంటివి ఆయన చాలా చూశాడు కాబట్టి చెప్పాల్సింది చెప్పేశాడు. ఇది అమ్మకం కాదు, బహుమానం కాదు, హక్కు విడుదల. తమకున్న హక్కేదో ఉంది, అది వదులుకుంటున్నారు. ఎవరి పేర వదిలితే ఇకమీదట వాళ్ళదే. ఇందులో షరతులు రాయనని, రేపు మనసు మారిందని వస్తే తను చెయ్యగలిగింది కూడా ఏమీ ఉండదని చెప్పాడు. ఇద్దరూ కలిసే పెట్టాలనేం లేదు, ఎవరికి ఇష్టమైతే వాళ్ళు పెట్టుకోవచ్చన్నాడు. ఆ చివరి మాటకి అత్తగారు కొద్దిగా తల ఊపింది.

"నేను పెట్టను," అంది కోడలు. కుర్చీ వెనక్కి తోసుకుని బయటికి నడిచింది.

మాస్టారు కూడా లేచాడు. ముఖం మాడిపోయి ఉంది. గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. ఆ మనిషి బుర్రలో లెక్క నడుస్తున్నప్పుడు పెదాలు కదులుతాయి, చూసేవాళ్ళందరికీ తెలిసిపోతుంది. అమ్మది రెండు వంతులవుతుంది. అమ్మకి తనొక్కడే కొడుకు. అమ్మ తర్వాత ఆ రెండు వంతులూ ఎక్కడికి పోతాయి? మిగిలిన ఒక్క వంతుతో పళ్ళావిడ ఎంతకాలం పోట్లాడుతుంది? మాడిన ముఖం మెల్లగా విచ్చుకుంది. వెనక్కి వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

అమ్మ పేర ఉంటే నా పేర ఉన్నట్టే కదా అన్నాడు రైటరుతో. రైటరు ఆ మాటకి అవుననలేదు, కాదనలేదు, కాగితాలు సర్దాడు.

* * *

మేడ మీద రిజిస్ట్రారు గది తలుపు తెరిచే ఉంది. వరండాలో బల్ల మీద కూర్చుంటే లోపల జరిగేదంతా కనిపిస్తుంది. కోడలు ఇంటికి వెళ్ళిపోదామనుకుంది గానీ వెళ్ళలేకపోయింది. తన మెడ చుట్టూ ఉన్న తాడు లోపల ఎవరో బిగిస్తుంటే చూడకుండా ఎలా పోవడం?

ఎవరి బలవంతమూ లేకుండా, ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నారా అని అధికారి అడిగాడు. మనస్ఫూర్తిగా అన్నాడు మాస్టారు. వదులుకున్నాక మీకు ఆ ఇంట్లో ఏ హక్కూ ఉండదు, తెలుసు కదా అని ఆయన రెండోసారి అడిగాడు. ఆయన వృత్తిధర్మం అది. మా అమ్మే కదండీ అని నవ్వాడు మాస్టారు. సంతకం పెట్టాడు. బొటనవేలు ఇంకులో ముంచి అద్దాడు. ఫోటోకి కూడా నవ్వుతూనే చూశాడు. పెళ్ళి ఫోటోలో కూడా అంత బాగా నవ్వలేదని కోడలికి అనిపించింది.

బయటికి వచ్చి, వేలు రుమాలుతో తుడుచుకుంటూ, ఆవిడ పెట్టేదీ లేనిదీ త్వరగా తేల్చమని తల్లితో చెప్పి, కారు నీడలో పెట్టడానికి కిందికి వెళ్ళాడు. మెట్లు దిగుతూ ఈల వేశాడు.

అత్తగారు వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఇంకా సంతకం పడని రెండో దస్తావేజు ఆవిడ ఒళ్ళో ఉంది.

"అనుకున్నది సాధించారు," అంది కోడలు. "మీ తర్వాత అంతా ఆయనదే. నా గదికి అడ్డంగా గోడ కడతాడు, నీళ్ళ పంపు ఆపేస్తాడు. ఒక్క వంతు పట్టుకుని నేను ఆ ఇంట్లో ఊపిరాడక చావాలి. దానికంటే నేరుగా పొమ్మనాల్సింది."

"నా తర్వాత సంగతి నీకెందుకు? నేనింకా పోలేదుగా."

అత్తగారు వరండా చివరికి ఒకసారి చూసింది. కొడుకు కనపడలేదు.

"పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు వాడు ఆ ఇంటికి యజమాని. ఇప్పుడు కాదు. వాడికి అక్కడ నిలబడే హక్కు కూడా లేదు. నేను ఉండమంటే ఉంటాడు."

కోడలికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అత్తగారి ముఖంలోకి చూసింది. రోజూ చూసే ముఖమే.

"కన్నకొడుకుని వెళ్ళగొడతారా?"

"పెట్టె సర్దుకోమంటాను. దాన్ని ఏమంటారో నీ ఇష్టం. వాడు నన్ను మనిషిగా చూసి సంతకం పెట్టాడనుకున్నావా? నేనెప్పుడు పోతానా అని లెక్క చూసుకుని పెట్టాడు. పెదాలు కదలడం నేనూ చూశాను."

"ఊరికే చేస్తారా ఇదంతా?"

"ఊరికే ఎవరు చేస్తారమ్మాయ్? ఈ కాగితం మీద సంతకం పెట్టు. గది నీది, తాళం నీ చేతిలో ఉంటుంది. నేనున్నన్నాళ్ళూ నిన్ను అక్కణ్ణుంచి కదిపేవాడు ఉండడు."

ఆ మాట కాగితం మీద రాయించమంది కోడలు. విడుదల దస్తావేజులో షరతులు రాయనని రైటరు చెప్పాడు కదా, నువ్వూ విన్నావు కదా అంది అత్తగారు. అయితే నేనేం చూసి నమ్మాలి అని అడిగింది కోడలు. ఇన్నాళ్ళూ ఏం చూసి నమ్మావో అదే చూసి నమ్మమంది ఆవిడ.

ఇన్ని నెలలూ కోడలు తన కోపాలూ, తన ఎత్తిపొడుపులూ, తన ఓటమీ అన్నీ ఈ మనిషి చేతిలో పోసింది. ఆవిడకి చెవులున్నాయని మర్చిపోయింది. ఆవిడ వాటిని అటు మోస్తూ తనకి కావలసింది ఏరుకుంటూనే ఉంది. మొగుడు తనని తిట్టాడు, బోర్డు తెచ్చాడు, కరెంటు తీశాడు. అవన్నీ పగతో చేసినవి, ముఖాన చేసినవి. ఈవిడ ఏ పగా లేకుండా చేసింది. అదే భయంగా ఉంది.

"మీరు నాతో అబద్ధం చెప్పారు," అంది.

"ఇద్దరితోనూ చెప్పాను. నీతో చెప్పినదాన్ని ఇవాళ నిజం చెయ్యగలను. వాడితో చెప్పినదాన్ని కూడా నిజం చెయ్యగలను. ఏది చెయ్యమంటావో నువ్వే చెప్పు."

లోపల ఎవరివో కాగితాల మీద స్టాంపులు పడుతున్నాయి. సంతకం పెడితే మొగుడి పీడ విరగడవుతుంది, కానీ తనకి ఆ ఇంట్లో ఏమీ మిగలదు. రేపు ఈవిడకి కోపం వస్తే పెట్టె సర్దుకోవడం తన వంతు. పెట్టకపోతే తల్లీ కొడుకూ ఒక వైపు, తనొక వైపు. ఎన్నో ఏళ్ళు పొద్దున్నే లేచి, ప్లాస్టర్ దుమ్ము మింగి సంపాదించుకున్న గది అది. ఎవరి దయ మీదో అందులో కూర్చుని పనిచెయ్యడం తనవల్ల కాదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మాస్టారు వచ్చాడు. కారుకి అడ్డంగా ఎవరో బండి పెట్టారని, ఇంకా ఎంతసేపని తల్లిని అడిగాడు.

కోడలు లేచింది. ఏం చేస్తోందో పూర్తిగా తెలియకముందే లేచింది. నెలల తర్వాత మొదటిసారి ఆయనకి ఎదురుగా నిలబడి, ఆయన కళ్ళలోకి చూసింది. ఈ మనిషంటే ఆవిడకి ఇవాళ కూడా అసహ్యమే. కానీ ఈ వరండాలో తనలాగే మోసపోయినవాడు ఆయన ఒక్కడే.

"నా మాట వినండి. మీ అమ్మగారు మిమ్మల్ని ఇంట్లోంచి పంపేస్తానంటున్నారు. నేను సంతకం పెడితే ఇవాళే పంపేస్తారట."

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. మాటకంటే ముందు ఆ గొంతు తన వైపు వచ్చినందుకు ఉలిక్కిపడ్డాడు. ఆయన నోరు తెరుచుకుంది. ఒక్క క్షణం నేరుగా జవాబు చెబుతాడేమో అనిపించింది.

తర్వాత ఆయన చూపు అలవాటు కొద్దీ పక్కకి జరిగింది.

"ఏమంటోందమ్మా ఆవిడ?"

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నిన్ను ఇంట్లోంచి పంపెయ్యమంటోందిరా. పంపేస్తే ఇవాళే సంతకం పెడుతుందట."

అవే మాటలు. కొత్తది ఒక్కటి కూడా కలపలేదు. అటుదాన్ని ఇటు పెట్టింది, అంతే. కోడలు కాదు, కాదు అంటూనే ఉంది. ఆ కాదు ఆయన దాకా వెళ్ళలేదు, ఎందుకంటే ఆయనకి అప్పటికే నవ్వు వచ్చేసింది. అనుకున్నంతా అయిందన్న నవ్వు. ఈ పళ్ళావిడ బుద్ధి తనకి తెలియంది కాదన్నట్టు తల ఊపాడు.

"ఇల్లు ఇప్పుడు మా అమ్మదని చెప్పమ్మా ఆవిడతో. నచ్చకపోతే తననే వెళ్ళమని చెప్పు."

కింద హారను మోగింది. ఆయన మెట్లు దిగిపోయాడు. రెండో దస్తావేజు తాలూకు పార్టీ ఎవరని లోపలి నుంచి గుమాస్తా పిలిచాడు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. సంచిలోంచి పెన్ను తీసి, మూత విప్పి, దస్తావేజు మీద పెట్టి, రెండూ కలిపి కోడలి ముందుకు చాపింది. ఈసారి అతుకు పెట్టాల్సింది ఏమీ లేదు.

"ఇల్లు నాదట," అంది. "విన్నావుగా?"